‘అదంతా కథ’ అన్నందుకు సంజాయిషీ: ప్రభుత్వ బడిలో మతం గురించి ఎంతవరకు చెప్పవచ్చు?

ప్రశ్న: నేను హైదరాబాద్‌లోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తున్నాను. ఏడో తరగతికి గోల్కొండ రాజుల గురించి చెబుతూ కంచర్ల గోపన్న (భక్త రామదాసు) చెరసాల సంగతి ప్రస్తావించాను. ‘నిజంగా రాముడే వచ్చి బాకీ కట్టాడా టీచర్?’ అని ఒక పిల్లవాడు అడిగితే, ‘అదంతా కథ, చరిత్రలో అలాంటివి ఉండవు’ అన్నాను. మర్నాడు ఆ పిల్లవాడి తండ్రి వచ్చి, తమ దేవుణ్ణి కట్టుకథ అన్నానని ప్రధానోపాధ్యాయులకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, పోలీసు కేసు కూడా పెడతామని చెప్పి వెళ్లారు. మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని నాకు మెమో అందింది. ఇదే నెలలో పిల్లలను గోల్కొండ కోటకు, మొహర్రం సంతాపానికి షియా ముస్లింలు చేరే బాద్‌షాహీ ఆషుర్‌ఖానాకు తీసుకువెళ్లాలనుకున్నాం. తమ విశ్వాసం ప్రకారం అటువంటి చోట్లకు పంపలేమని వేరొక విద్యార్థిని తల్లి ఉత్తరం రాశారు. ప్రభుత్వ బడిలో మతం మాట ఎత్తడమే తప్పా? నా మీద కేసు నిలుస్తుందా? ఆ అమ్మాయిని తప్పక రమ్మనవచ్చా?
– ఒక ఉపాధ్యాయిని, హైదరాబాద్

జవాబు: మీ మొదటి సందేహానికి సమాధానం రాజ్యాంగం 28వ అధికరణంలోనే ఉంది, కాకపోతే దాన్ని చాలామంది సగం చదివి ఆపేస్తారు. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మతబోధ ఉండరాదని ఆ అధికరణం మొదటి ఖండం చెబుతోంది. మీ బడి ఆ కోవలోకి వస్తుంది కనుక, తల్లిదండ్రులందరూ సంతకాలు చేసి కోరినా అక్కడ ఏ మతాన్నీ బోధించడానికి వీల్లేదు. విద్యార్థి సమ్మతితో, మైనరు అయితే సంరక్షకుల సమ్మతితో మతబోధ జరుపుకొనే వెసులుబాటు ప్రభుత్వ గుర్తింపు పొందిన ప్రైవేటు సంస్థలకు, ఎయిడెడ్ సంస్థలకు మూడో ఖండం కింద ఉన్నది కానీ మీకు లేదు. అయితే నిషేధం ఉన్నది మతాన్ని బోధించడం మీదే తప్ప మతం గురించి బోధించడం మీద కాదు.

ఈ తేడా నేను కల్పించి చెబుతున్నది కాదు. 1948 డిసెంబరు 7న రాజ్యాంగ సభలో ఈ అధికరణం ముసాయిదా చర్చకు వచ్చినప్పుడు, సంస్కృత పాఠశాలల మాటేమిటని ఒక సభ్యుడు అడగగా, డాక్టర్ అంబేద్కర్ ఇస్లాంను ఉదాహరణగా తీసుకొని, దేవుడు ఒక్కడేననీ ప్రవక్త చివరివాడనీ నమ్మాలని చెప్పడం మతబోధ అవుతుందనీ, సిద్ధాంతాన్ని నమ్మించడానికీ దాన్ని అధ్యయనం చేయడానికీ ఎంతో తేడా ఉందనీ వివరించారు. 1964-66 నాటి కొఠారీ విద్యా కమిషన్ కూడా మతవిద్య వేరు, మతాలను గురించిన విద్య వేరు అని స్పష్టంగా విడదీసింది. గురునానక్ జీవితాన్నీ బోధనలనూ విశ్వవిద్యాలయంలో అధ్యయనం చేయించడం మతబోధ కాదని 1971లో డీఏవీ కళాశాల కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పగా, పాఠశాల విద్యకు సంబంధించి 2000 సంవత్సరపు జాతీయ పాఠ్యప్రణాళికా చట్రాన్ని సవాలు చేసిన అరుణా రాయ్ కేసులో, అన్ని మతాల మౌలిక విషయాలను పిల్లలకు తెలియజేయడం 28వ అధికరణానికి విరుద్ధం కాదని 2002 సెప్టెంబరులో అదే కోర్టు తేల్చింది. మీరు గోపన్న పేరెత్తడం, భద్రాచలం గుడి గురించి చెప్పడం, మొహర్రం నాడు డబీర్‌పురా నుంచి ఏనుగు మీద సాగే బీబీ కా ఆలం ఊరేగింపును వివరించడం, ఆషాఢ బోనాలు గోల్కొండలో మొదలై లష్కర్‌కూ లాల్‌దర్వాజాకూ ఎలా సాగుతాయో చెప్పడం – ఇవన్నీ చట్టం అనుమతించిన పనులే. పాఠ్యాంశాలను నిర్ణయించే విషయంలో కోర్టులు సాధారణంగా జోక్యం చేసుకోవని కూడా గుర్తుంచుకోండి. హైదరాబాద్‌లోని మన జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వ్యవస్థాపకులు పుష్ప మిత్ర భార్గవ విశ్వవిద్యాలయాలలో జ్యోతిష కోర్సులను ప్రశ్నిస్తూ ఇక్కడి హైకోర్టు నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లినా, 2004లో ఆయన అప్పీలు వీగిపోయింది. ఆ తీర్పు నాకు రుచించదు కానీ, పాఠ్యాంశాన్ని అనుసరించి చెప్పిన ఉపాధ్యాయులకు అది ఎంతో కొంత రక్షణ.

ఇక మీరన్న మాట దగ్గరికి వద్దాం, ఎందుకంటే చిక్కు పాఠంలో లేదు, ఆ ఒక్క వాక్యంలోనే ఉంది. పిల్లవాడు అడిగిన దానికి ‘అవును, రాముడే వచ్చాడు’ అని మీరు బదులిచ్చి ఉంటే, అది చరిత్ర పాఠం కాక మతబోధ అవుతుందని మీకే తెలుసు. ‘అదంతా కథ’ అనడం దానికి తలకిందుల రూపం. ప్రభుత్వ జీతం మీద తరగతిలో నిలబడిన మనిషి ఒక విశ్వాసాన్ని నిజమని ధ్రువీకరించకూడనప్పుడు, అదే విశ్వాసాన్ని అబద్ధమని కొట్టివేయడానికి కూడా అధికారం లేదన్నది నా అభిప్రాయం. ఈ రెండో సగాన్ని ఇంత సూటిగా చెప్పిన తీర్పేదో చూపి మాట్లాడటం లేదు, మతస్వేచ్ఛను ఇచ్చే 25వ అధికరణాన్నీ 28నూ కలిపి చదివితే తోచే అర్థమిది. చరిత్రకారుడికి తెలిసినంత మేరకు చెప్పవలసింది వేరు: పదిహేడో శతాబ్దంలో పాల్వంచ పరగణా తహసీల్దారుగా ఉన్న గోపన్న శిస్తు సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించాడని, గోల్కొండ సుల్తాను తానీషా ఆయనను కోటలో బంధించాడని చెప్పి, రామలక్ష్మణులే రామోజీ, లక్ష్మోజీలుగా వచ్చి బాకీ తీర్చారని భక్తులు విశ్వసిస్తారని, కల్యాణానికి ప్రభుత్వం ముత్యాల తలంబ్రాలు పంపే ఆనవాయితీని కూడా తానీషా కాలానికే ముడిపెట్టి చెప్పుకుంటారని అంటే సరిపోయేది. అందులో నమ్మేవాడి నమ్మకం నమ్మేవాడి దగ్గరే ఉంది, మీరు దాన్ని మోయలేదు, తోసేయలేదు.

మన భాషలో ఇంకొక గండం ఉంది. ‘రాముడు వచ్చాడని భక్తులు నమ్ముతారు’ అనే వాక్యానికీ ‘రాముడు వచ్చాడట’ అనే వాక్యానికీ వ్యాకరణంలో పెద్ద దూరం లేదు, కానీ ఆ ‘అట’ను కొంచెం సాగదీస్తే తరగతి మొత్తం నవ్వుతుంది, ఆ నవ్వులో ఒక పిల్లవాడు ముడుచుకుపోతాడు. అలాగే ‘మన పండుగ’, ‘వాళ్ల పండుగ’ అనే మాటలు. తెలంగాణ పల్లెల్లో పీర్ల పండుగకు అన్ని కులాలవారూ నిప్పుల గుండం చుట్టూ చేరతారని ఎరిగినవారు కూడా తరగతి గదిలోకి రాగానే అలవాటుగా ‘వాళ్ల’ అనేస్తుంటారు. ఇవి నేరాలు కావు. కానీ ఫిర్యాదులు పుట్టేది సాధారణంగా ఇటువంటి చోట్లే, పైగా విద్యాహక్కు చట్టం 17వ సెక్షను శారీరక దండనతో పాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది కనుక, ఒక విద్యార్థి విశ్వాసాన్ని అందరి ముందు పరిహసించారనే ఆరోపణ రుజువైతే అది శాఖాపరమైన చర్యకు దారి తీయగలదు. మీ ఉత్తరాన్ని బట్టి మీరు పరిహసించలేదు, తొందరపడి తీర్పు చెప్పారు, అంతే.

పోలీసు కేసు సంగతి. ఆ తండ్రి మనసులో ఉన్నది పాత శిక్షాస్మృతి 295-ఏ సెక్షను, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 299వ సెక్షను. దాని కింద మూడేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ విధించవచ్చు, బెయిలు హక్కుగా దొరకదు. వినడానికి భయపెట్టే ఈ సెక్షనుకు ప్రాణం ‘ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో’ అనే మాటల్లో ఉంది. మతాన్ని అవమానించిన ప్రతి మాటా దీని కిందికి రాదనీ, కావాలని, ద్వేషంతో చేసిన తీవ్రమైన అవమానమే వస్తుందనీ 1957లో రామ్‌జీ లాల్ మోదీ కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. మనకు దగ్గరి ఉదాహరణ కావాలంటే, క్రికెటర్ ధోనీని దేవుడి రూపంలో చూపిన పత్రిక ముఖచిత్రం మీద అనంతపురంలో దాఖలైన ఫిర్యాదును 2017లో సుప్రీంకోర్టు కొట్టివేస్తూ, అజాగ్రత్తగానో తెలియకనో, దురుద్దేశం లేకుండా జరిగిన అవమానం ఈ సెక్షను పరిధిలోకి రాదని స్పష్టం చేసింది. పిల్లవాడి ప్రశ్నకు అప్పటికప్పుడు ఇచ్చిన జవాబులో దురుద్దేశాన్ని చూపడం చాలా కష్టం. మతభావాలను గాయపరచాలని పలికే మాటలకు వర్తించే న్యాయ సంహితలోని 302వ సెక్షనుకు కూడా ఆ ఉద్దేశమే మూలం.

అంతమాత్రాన ఎఫ్ఐఆర్ నమోదు కాదని మీకు హామీ ఇవ్వలేను. 299వ సెక్షను కింద కోర్టు కేసును విచారణకు స్వీకరించాలంటే ప్రభుత్వ ముందస్తు అనుమతి కావాలని, నేర విచారణ విధానాన్ని చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 217వ సెక్షను చెబుతున్నప్పటికీ, ఆ అనుమతి ఎఫ్ఐఆర్‌కూ దర్యాప్తుకూ అడ్డు కాదు. అయితే ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరాలలో యాంత్రికంగా అరెస్టు చేయరాదని 2014 నాటి సుప్రీంకోర్టు అర్నేష్ కుమార్ తీర్పు ఉంది కనుక, సాధారణంగా ముందు అదే సంహిత 35(3) సెక్షను కింద హాజరు కమ్మని నోటీసు వస్తుంది. అది వస్తే దాటవేయకుండా, న్యాయవాదిని వెంటబెట్టుకొని వెళ్లండి. ఫోనులో పిలిస్తే నోటీసు ఇవ్వమని మర్యాదగా కోరండి.

మెమో విషయంలో చాలామంది ఉపాధ్యాయులు చేసే పొరపాటు, గొడవ సద్దుమణిగితే చాలునని ‘నా వల్ల మతభావాలు గాయపడ్డాయి, క్షమించగలరు’ అని రాసి ఇవ్వడం. సౌమ్యంగా కనిపించే ఆ వాక్యం రేపు క్రమశిక్షణ విచారణలోనూ పోలీసు స్టేషనులోనూ మీ ఒప్పుకోలుగా చదవబడుతుంది. దానికి బదులు జరిగింది జరిగినట్టు రాయండి: ఏ తేదీన, ఏ పాఠం చెబుతుండగా, విద్యార్థి ఏమడిగాడు, మీరేమన్నారు, ఎవరినీ కించపరిచే ఉద్దేశం లేదు, ఇకపై విశ్వాసాన్ని విశ్వాసంగానే ప్రస్తావిస్తాను. మీ మాట విద్యార్థికి బాధ కలిగించి ఉంటే విచారిస్తున్నానని ఒక వాక్యం చేర్చడంలో తప్పు లేదు, విచారం వేరు, నేరాంగీకారం వేరు. పాఠ్యపుస్తకంలోని ఆ పేజీ నకలును, మీ పాఠ్యపథకాన్ని, ఆ రోజు డైరీని జతచేసి, అందినట్టు సంతకం, ముద్ర వేయించుకున్న ప్రతి ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. గడువు చాలకపోతే రాతపూర్వకంగా పొడిగింపు అడగండి. సంజాయిషీ మెమో అంటే అభియోగపత్రం కాదు. దండన విధించాలంటే ప్రభుత్వోద్యోగుల క్రమశిక్షణకు సంబంధించిన 1991 నాటి సీసీఏ నియమావళిలోని విధానాన్ని పాటించాలి, భారీ దండన అయితే విచారణ జరిపి మీకు సమర్థించుకునే అవకాశం ఇచ్చి తీరాలి.

ఆ తండ్రితో మాట్లాడటానికి వెనుకాడకండి, కానీ ఒంటరిగా కాదు. ప్రధానోపాధ్యాయుల సమక్షంలో, వీలైతే పాఠశాల యాజమాన్య కమిటీ సభ్యులతో కూర్చోండి. ఆ కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులే కనుక ఆయనకు అది పరాయి వేదిక అనిపించదు. నాకు తెలిసి ఇటువంటి తగవులు ఎక్కువగా ఆ గదిలోనే ముగుస్తాయి.

ఇక విహారం. ఆ విద్యార్థినిని తప్పక రమ్మనడానికి వీల్లేదు. జాతీయగీతం వేళ మర్యాదగా నిలబడి, తమ విశ్వాసం కారణంగా పాడని యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖకు చెందిన ముగ్గురు పిల్లలను కేరళలో బడి నుంచి బహిష్కరించగా, వారిని తిరిగి చేర్చుకోవాలని 1986లో బిజో ఇమ్మాన్యుయేల్ కేసులో ఆదేశించిన తీర్పు తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి రాసినదే. జాతీయగీతం విషయంలోనే అంతరాత్మకు అంత చోటిచ్చినప్పుడు, విహారయాత్రకు పట్టుబట్టడం నిలవదు. అయితే ఆమె వద్దన్నంత మాత్రాన మిగతావారి యాత్రను రద్దు చేయనక్కరలేదు. చార్మినార్ కట్టిన కొద్ది ఏళ్లకే వెలసిన ఆషుర్‌ఖానా గోడల మీది రంగు పలకలను చరిత్రగా చూపించవచ్చు, కోట మీది మహంకాళి గుడినీ, దగ్గర్లోని మసీదునూ, రామదాసు బందీఖానానూ అలాగే చూపించవచ్చు. చూపించడం వరకే మీ పని. లోపల దండం పెట్టించడం, బొట్టు పెట్టించడం, ఆషుర్‌ఖానాలో ఇచ్చే తబర్రుక్ గానీ గుడి ప్రసాదం గానీ వరుసలో నిలబెట్టి పంచడం మీ చేతుల మీదుగా జరగకూడదు, పిల్లలు తమంతట తాము చేసుకుంటే వారించనూ కూడదు. తిరిగి వచ్చాక చిత్రలేఖనం ఇస్తే కట్టడాలను గీయమనండి, ప్రవక్తను గానీ ఆయన కుటుంబాన్ని గానీ బొమ్మగా గీయమని ఎవరికీ చెప్పకండి.

ప్రయాణానికి ముందే ఏయే చోట్లకు వెళుతున్నారో పేర్లతో సహా రాసి తల్లిదండ్రుల సంతకాలు తీసుకోండి. ఆ అమ్మాయికి ఆ రోజు గైర్హాజరు వేయకండి, బడిలోనే కూర్చోబెట్టి వేరే పని ఇవ్వండి, పరీక్షలో కోట గురించి ప్రశ్న ఇస్తే పాఠ్యపుస్తకంలో ఉన్నంత వరకే అడగండి.