మండువా ఇంటికి వెళ్తున్న మా అమ్మాయికి

చిట్టితల్లీ,

శ్రావణంలో రాజోలు దగ్గర పాత మండువా ఇల్లు నాలుగు రోజులకు అద్దెకు తీసుకున్నావని మీ అమ్మ చెప్పింది. ఫోటోలూ చూశాను. పెంకుల కప్పు, నడుమ ఆకాశం కనిపించే మండువా, గొలుసుల ఉయ్యాల బల్ల. బెంగళూరు అపార్టుమెంటులో పెరుగుతున్న పిల్లలకు ఆ ఇల్లు చూపించాలని నీకు తోచినందుకు ఎంత పొంగిపోయానో! రాత్రికి మాత్రం నిద్ర పట్టలేదు.

చిన్న సంగతులు ముందే చెప్పేస్తాను. ద్వారబంధాలు పొట్టివి, మీ ఆయనను తల వంచి నడవమను. నాలుగు చూరుల నీళ్లూ మండువాలోకే దిగుతాయి. తూముకు ఆకులు అడ్డుపడితే వసారా మునుగుతుంది, రోజూ చూసుకో. కొబ్బరిచెట్ల కింద కుర్చీలు వేయవద్దు. పిల్లలను కాలువలో దింపవద్దు. గోదావరికి వరద వస్తే ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది ఇస్తారు. నువ్వు మొదటిదానికే సామాను సర్దుకో. 1986 ఆగస్టు వరద చూసినదాన్ని, నా మాట విను.

ఇక అసలు మాట. నేల మీద పడుకోవద్దు.

గచ్చు చల్లగా ఉందని పిల్లలు మారాం చేస్తారు. మేమూ చేశాం. 1979 శ్రావణం, మా అమ్మమ్మగారి ఇల్లూ ఇలాంటిదే. నాకు పదహారేళ్లు, మీ మావయ్యకు తొమ్మిది. ఉక్కగా ఉందని దోమతెరలున్న మంచాలు వదిలి వసారాలో చాప వేసుకున్నాం. అమ్మమ్మ వద్దంది, పట్టుబట్టింది నేను. మీ అమ్మ మాత్రం అమ్మమ్మ మాట విని మంచం మీదే పడుకుంది.

అర్ధరాత్రి వాడు లేచి మోచేతి దగ్గర ఏదో కుట్టిందన్నాడు. లాంతరు ఎత్తి చూశాను. వాపు లేదు, ఎరుపు లేదు. పెద్దగా నొప్పి కూడా లేదన్నాడు. “గండుచీమ అయ్యుంటుంది, పడుకో” అన్నాను. తెల్లవారుజామున కడుపు మెలిపెడుతోందని ఏడ్చాడు. గారెలు అరగలేదని అమ్మమ్మ వాము నమలించింది. కాసేపటికి “అక్కా, రెప్పలు లేవడం లేదే” అన్నాడు. నిద్రమత్తని నవ్వాను తల్లీ, నవ్వాను. గుటక పడక నోటి వెంట చొంగ కారినప్పుడు గానీ మాకు తెలియలేదు. చాప దులిపితే గోడవార కట్లపాము.

పంటు మీద గోదావరి దాటించి పట్నం ఆసుపత్రికి చేర్చేసరికి ఊపిరి అందడం లేదు. మందు ఎక్కించారు. శ్వాస యంత్రం లేదు. గొంతులో గొట్టం వేసి రబ్బరు సంచి మా చేతికిచ్చారు. రెండు రాత్రులు ఇంటిల్లిపాదీ వంతులవారీగా ఆ సంచి నొక్కాం. నా పిడికిలి మూస్తే వాడి ఛాతీ లేచేది, విప్పితే దిగేది. మూడో రోజు కనురెప్ప సన్నగా విప్పాడు. కదలలేకపోయినా అన్నీ వినపడుతూనే ఉన్నాయట. నేను ఏడవడం కూడా.

నీ పెళ్లికి విడిదింట్లో అందరికీ దోమతెరలు కట్టిస్తుంటే చాదస్తమని ఆటపట్టించారు మీరు. అందుకమ్మా.

కట్లపాము తిరిగేది రాత్రిపూట. దాని కాటు చాలాసార్లు తెలియనే తెలియదు. మంచం మీదే పడుకోండి, తెర అంచులు పరుపు కిందికి దోపండి, టార్చి లేకుండా కాలు కింద పెట్టవద్దు. రాత్రివేళ ఏదో కుట్టిందని ఎవరన్నా, గాటు కనిపించకపోయినా పామేననుకో. కోయవద్దు, బిగించి కట్టవద్దు. విరిగిన చేతిని పట్టుకున్నట్టు కదలకుండా ఉంచి 108కి ఫోన్ చెయ్యి. ఆకుపసరు అన్నవాళ్ల మాట వినవద్దు. పాముకాటు మందు, శ్వాస యంత్రం రెండూ ఉన్న ఆసుపత్రి ఎంత దూరమో ఇంటి యజమానిని ఇప్పుడే అడుగు. అడగడానికి మొహమాటపడ్డావో, నేనే అడుగుతాను.

ప్రయాణం మానుకోమని కాదురా. వాన పడే రాత్రి దీపాలు ఆర్పి, తెర లోపల పిల్లలను చెరో పక్కన పడుకోబెట్టుకుని, మండువాలో ధారలు పడే చప్పుడు వినిపించు. మీ మావయ్యకు ఆ చప్పుడంటే ఇప్పటికీ ప్రాణం. ఫోనులో రికార్డు చేసి వాడికి పంపు.

తెర దోపాక నాకు ఒకసారి ఫోన్ చెయ్యి. ఎంత రాత్రయినా మేలుకునే ఉంటాను.

నీ పెద్దమ్మ