అల్లుడికి ఉత్తరం: ఫ్లాపీల్లో తొలి వెర్షన్ వెతికేటప్పుడు

నల్లగొండ

అల్లుడా,

మీ పాలమూరు కాలేజీ స్టోర్ రూమ్‌లో అట్టపెట్టె నిండ ఫ్లాపీలు దొరికినయని, కొన్నింటి మీద "గ్రాఫిక్స్ లైబ్రరీ, పాతది" అని పెన్నుతో రాసి ఉందని ఫోన్‌లో చెప్పినవు. తెర మీద గీతలు, బొమ్మలు గీసే ఆ రెడీమేడ్ కోడ్‌ల తొలి వెర్షన్ ఏదో తేల్చాలంటివి. అప్పటి సంది నాకు అదే ధ్యాస. ముందుగాల ఒక్క మాట: ఈ ఉత్తరం అంతా చదివేదాక వాటిని ఏ డ్రైవ్‌లోనూ పెట్టకు.

నేను పెట్టి చెడిన. ల్యాబ్ చూసుకునే రోజుల్లో మాది ఒకటే ఫ్లాపీ డ్రైవ్ ఉన్న మిషన్. డిస్క్‌కు డిస్క్ నకలు తీసే డిస్క్‌కాపీ కమాండ్ కొడితే సోర్స్ పెట్టు, టార్గెట్ పెట్టు అని అడుగుతుండె. పక్కనోళ్లతో ముచ్చట పెడుతూ సోర్స్ అన్నప్పుడు ఖాళీ డిస్క్ పెట్టిన, టార్గెట్ అన్నప్పుడు అసలుది తోసిన. ఖాళీ అంతా పోయి అసలుదాని మీద శుభ్రంగ కాపీ అయి కూర్చుంది. అందుకే ముందు రాతకు తాళం వెయ్యి. అయిదుంబావు అంగుళాల దానికి పక్కనున్న గాడిని టేపుతో మూయాలె. మూడున్నర అంగుళాల దానికి తిరకాసు, కిటికీ తెరిచి ఉంటేనే రక్షణ. పెద్దవాటిని వెలుతురుకు పట్టి చూడు. తెల్లమచ్చలుంటే బూజు, తిప్పితే డ్రైవ్ హెడ్ కూడ పాడైతది. బాగున్నవాటికి మొదట ఇమేజ్, అంటే డిస్క్ మొత్తానికి ఒకే ఫైలుగ నకలు, తీసి, ఆ తర్వాత పనంతా ఇమేజ్ మీదనే. గ్రీజ్‌వీజిల్ అనే చిన్న బోర్డు ఉంటే ఫైళ్లు చదవకుండనే డిస్క్ మీది అయస్కాంతపు మార్పులనే నేరుగ పట్టుకోవచ్చు.

ఇగ అసలు పని, ఏది మొదటిదో తేల్చుడు. చిట్టీని నమ్మకు. "టర్బో సి 1.0 గ్రాఫిక్స్" అని రాసి ఉన్నదన్నవు గదా, అక్కడనే నాకు అనుమానం. టర్బో సి అంటే బోర్లాండ్ కంపెనీ సి కంపైలర్, దాని 1.0 వచ్చింది 1987లో, దాంట్లో గ్రాఫిక్స్ లైబ్రరీ లేదు. మన ల్యాబ్‌లల్ల అందరం గ్రాఫిక్స్ డాట్ హెచ్ అని రాసిన ఆ బీజీఐ అనే గ్రాఫిక్స్ లైబ్రరీ, బోర్లాండ్ వాళ్ల టర్బో పాస్కల్ 4.0తో 1987 చివర్ల వచ్చింది. సీకి 1.5తో 1988లో చేరింది. గ్రాఫిక్స్ మొదలుపెట్టే ఇనిట్‌గ్రాఫ్‌లో డ్రైవర్ ఫైలు దారి తప్పు రాసి ఎర్రర్ తినని ఇంజనీరింగ్ పిలగాడు మన జిల్లాల్లో ఉండడు గని, అది మొదట పాస్కల్‌తో వచ్చిందని ఎంతమందికి ఎరుక?

ఫైలు తేదీ పక్కనున్న టైమ్ చూడు. బోర్లాండ్ వాళ్లు దాంట్లో వెర్షన్ నంబర్ దాచేటోళ్లు: టర్బో పాస్కల్ 5.5 ఫైళ్లకు 5:50 అని ఉంటది. అట్లని తెల్లారుజామున ఎవరో కూర్చొని తయారు చేసిన్రని కాదు, కంపెనీ కొట్టిన ముద్ర అది. నువ్వు కాపీ చేసేటప్పుడు ఆ టైమ్ మారితే ఆ ముద్ర పోయినట్టే, అందుకే ఇమేజ్ తీయమన్న. తర్వాత విండోస్‌కు ముందటి డాస్‌లో టైప్ కమాండ్‌తో ఈజీఏవీజీఏ డాట్ బీజీఐ అనే బీజీఐ డ్రైవర్ ఫైలును తెరువు. మొదట్లనే డ్రైవర్ పేరు, వెర్షన్, తేదీ, కాపీరైట్ సంవత్సరాలు మామూలు అక్షరాల్లోనే ఉంటయి. లోపలి తేదీ, బయటి తేదీ రెండూ రాసుకో. పొంతన కుదరకపోతే కంగారు పడకు. పాత డ్రైవర్‌నే కొత్త పెట్టెలో పెట్టి అమ్ముడు మామూలే.

ఇంకో దారి, తర్వాత వచ్చిన వెర్షన్‌ను అడుగుడు. అలెగ్రో సంగతి చూడు. డాస్ మీద డీజేజీపీపీ అనే సి కంపైలర్‌తో ఆటలు రాసేటోళ్ల లైబ్రరీ అనుకుంటం. పేరు విప్పితే మొదటి ముక్క అటారి. షాన్ హార్‌గ్రీవ్స్ దాన్ని మొదలుపెట్టింది అటారి ఎస్టీ మీద. డాస్ ఫ్లాపీలల్ల దాని పుట్టుక వెతికితే జన్మల దొరకదు. మీ ఊరి పిల్లలమర్రి లెక్క, ఊడలే మాన్లయి నిలబడితే అసలు మొదలు ఎక్కడో పోల్చలేం. అందుకే ఏ వెర్షన్ దొరికినా ముందు రీడ్‌మీ, మార్పుల జాబితా చదువు. మీసా అనే ఇంకో గ్రాఫిక్స్ లైబ్రరీకి అయితే పని తేలిక: బ్రయన్ పాల్ 1993 ఆగస్టులో మొదలుపెట్టి, 1995 ఫిబ్రవరిలో బయటపెట్టిండు.

వాల్‌నట్ క్రీక్ అనే కంపెనీ వాళ్ల సిమ్‌టెల్ సీడీలు, అంటే పాత డాస్ సాఫ్ట్‌వేర్ పోగేసినవి, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నయి. వాటి ఇండెక్స్ ఫైల్‌లో పేరు, సైజు, తేదీ ఉంటయి. సీడీ ఒకసారి అచ్చయితే మారదు గనుక అప్పటికే ఆ ఫైలు ఉన్నదని అది సాక్ష్యం చెప్తది. ఎప్పుడు పుట్టిందో మాత్రం చెప్పదు. ఈ తేడా మరిచి "ఇదే మొదటిది" అని రాసేస్తరు చానమంది.

మాన్యువల్ దొరికితే వదలకు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద నాకు రెండు దొరికినయి, తూకం ధరకే.

నా దగ్గర అయిదుంబావు అంగుళాల 1.2 ఎంబీ డ్రైవ్ ఇంకా నడుస్తున్నది. 360 కేబీ డిస్క్‌లను అది చదువుతది, రాయనియ్యొద్దు అంతే. వచ్చే ఆదివారం పెట్టె పట్టుకొని రా. బస్సులో స్పీకర్ పక్కన పెట్టకు, ఒళ్లోనే పెట్టుకో. అక్కను అడిగినట్టు చెప్పు.

మీ మామ