సీఏ ఆపించి లండన్ పంపాలా? ఒక గుంటూరు నాన్నగారికి జవాబు

బ్రాడీపేట నుంచి ఒక నాన్నగారు అడిగారు. పాప సీఏ ఇంటర్‌లో ఫస్ట్ గ్రూప్ పాసైంది, సెకండ్ గ్రూప్ రెండుసార్లు పోయింది. స్టార్టప్‌లన్నీ సింగపూర్, అమెరికాల్లో పెట్టుకున్న హోల్డింగ్ కంపెనీని, అంటే ఇక్కడి కంపెనీ షేర్లు చేతిలో ఉన్న పై కంపెనీని, ఇండియాకి మార్చుకుంటున్నాయంట, ఆ పనికి మంచి డిమాండ్ అంట, తెనాలి దగ్గర పొలం తాకట్టు పెట్టి లండన్‌లో ఇంటర్నేషనల్ టాక్స్ మాస్టర్స్‌కి పంపమంటారా, లేక సీఎస్‌లో (కంపెనీ సెక్రటరీ కోర్సు) చేర్చమంటారా అని.

సర్, మీరడిగింది కోర్సు గురించే గానీ మీ దిగులు వేరు, పాప వెనకబడిపోతోందని. రిజల్ట్స్ వచ్చిన ప్రతిసారీ నాకు ఇలాంటివే వస్తాయి. రెండుసార్లు పోవడం సీఏలో పెద్ద విషయమే కాదండీ, ముందు ఆ భయం వదిలేయండి.

డిమాండ్ మాట నిజమే. ఫోన్‌పే 2022లో సింగపూర్ నుంచి వచ్చేసింది, అందుకు ఇన్వెస్టర్లకి పడిన టాక్సే దాదాపు 8,000 కోట్లు. షేర్లు కొనే యాప్ గ్రో 2024లో అమెరికా నుంచి వచ్చింది, ఇక్కడే ఐపీఓకి, అంటే జనానికి షేర్లు అమ్మడానికి, వెళ్లొచ్చని. కానీ ఒకసారి వచ్చేసిన కంపెనీ ఏటా మళ్లీ రాదు కదా. పైగా 2024 సెప్టెంబర్‌లో రూల్ మార్చారు, విదేశంలో ఉన్న హోల్డింగ్ కంపెనీ పూర్తిగా తనదే అయిన ఇండియా కంపెనీలో కలవాలంటే ఆర్‌బీఐ పర్మిషన్ తీసుకుని, ఎన్‌సీఎల్‌టీ (కంపెనీల ట్రిబ్యునల్) గడప తొక్కకుండా ఫాస్ట్‌ట్రాక్‌లో కలిసిపోవచ్చు, అంటే ఆ పని కూడా తేలికైంది. పాప చదివొచ్చేసరికి ఈ ఊపు ఇలాగే ఉంటుందని చెప్పి మీతో అప్పు చేయించే ధైర్యం నాకు లేదు.

అసలు ఆ పనిలో కొత్తగా చేరినవాళ్లు చేసేదేంటంటే, షేర్‌హోల్డర్ల లిస్టు ముందేసుకుని అక్కడ ఎవరికి ఎన్ని షేర్లున్నాయి, ఇక్కడ ఎన్నివ్వాలి, వాల్యుయేషన్ రిపోర్ట్‌తో సరిపోయిందా, ఉద్యోగులకిచ్చే షేర్ల (ఈసాప్‌ల) సంగతేంటి, ఫెమా (విదేశీ మారకద్రవ్య చట్టం) ఫారంలో కూడా అదే అంకె పడిందా అని ఒక్కో లైను టిక్ పెట్టుకుంటూ పోవడం. ఎక్కువ భాగం మన కంపెనీస్ యాక్టు, మన ఇన్‌కమ్ టాక్సు, మన ఫెమానే. పాప పాసైన ఫస్ట్ గ్రూప్‌లోనే కార్పొరేట్ లా, టాక్సేషన్ ఉన్నాయి, అది మీకు గుర్తే రాలేదు.

సీఎస్ కూడా మంచిదే, బోర్డు తీర్మానాలు, ఆర్‌ఓసీ (కంపెనీల రిజిస్ట్రార్) ఫైలింగ్‌లు వాళ్లే చూస్తారు, ఆ టీంలో ఇద్దరూ కావాలి. సగం దాకా వచ్చిన సీఏ వదిలేసి వెళ్లేంత తేడా మాత్రం లేదు.

కోపం తెచ్చుకోకండి, అంత పొడుగు మెసేజ్‌లో పాప ఏమంటోందో ఒక్క ముక్క లేదు. లండన్ తనడిగిందా? పొలం సంగతి తనకి తెలుసా? తెలిస్తే ఆ బరువుతో పరీక్ష ఎలా రాస్తుందండీ?

పొలం జోలికి పోకండి. సెకండ్ గ్రూప్ మళ్లీ రాయనివ్వండి, పాసయ్యాక ఆర్టికల్‌షిప్‌కి (సీఏ ట్రైనింగ్) హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో మెర్జర్లు (కంపెనీల విలీనాలు), ఫెమా పని చేసే ఫర్మ్ చూద్దాం. ఈలోపు మార్కుల షీట్ పంపండి, పాపతో ఒకసారి నాకు ఫోన్ చేయించండి, మీరు పక్కన లేనప్పుడు.