ఇంట్లో ఉన్న ఒక్క కంప్యూటర్‌లో ఎన్ని బోయింక్ ప్రాజెక్టులు నడపొచ్చు? పదమూడు నడిపినవాడి జవాబు

ప్రశ్న ఇది: "ఖాళీగా ఉన్నప్పుడు నా కంప్యూటర్‌ను పరిశోధనకు ఇద్దామని బోయింక్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నాను. పది ప్రాజెక్టులు నచ్చాయి. అన్నింటినీ ఒకే మెషీన్‌లో సర్దుకుంటూ నడపడం ఎలా?"

నడపకండి. రెండు చాలు. మరీ మనసు ఒప్పుకోకపోతే మూడు. అక్కడితో ఆగండి.

నేను సెటి ఎట్ హోమ్ మనిషిని. అరెసిబో టెలిస్కోప్ రికార్డు చేసిన రేడియో సంకేతాల ముక్కల్ని ఇంటి కంప్యూటర్‌లో నమిలించి, ఎక్కడో గ్రహాంతరవాసి పలకరిస్తాడేమోనని ఆ రంగుల గ్రాఫు స్క్రీన్ సేవర్ చూస్తూ కూర్చున్న బ్యాచ్. 2020 మార్చి 31న వాళ్లు కొత్త పని పంపడం ఆపేశారు. కొన్నాళ్లకు నా జాబితా ఖాళీ అయింది. ప్రాసెసర్ ఊరికే కూర్చుంటే నాకు ఒంట్లో బాగోనట్టు ఉండేది. ఆ దిగులులో కనిపించిన ప్రతి ప్రాజెక్టులోనూ చేరిపోయాను. నక్షత్రాలకు ఐన్‌స్టైన్ ఎట్ హోమ్, మిల్కీవే. ప్రొటీన్లకు రోజెట్టా. ప్రధాన సంఖ్యలకు ప్రైమ్‌గ్రిడ్. వాతావరణానికి ఆక్స్‌ఫర్డ్ వాళ్ల క్లైమేట్ ప్రెడిక్షన్. కణ భౌతికశాస్త్రానికి సెర్న్ వాళ్ల ఎల్‌హెచ్‌సీ, వరల్డ్ కమ్యూనిటీ గ్రిడ్, ఇంకా పేర్లు కూడా గుర్తులేనివి కొన్ని. లెక్కపెడితే పదమూడు తేలాయి.

అసలు తప్పు పదమూడు దగ్గర జరగలేదు. బఫర్ దగ్గర జరిగింది. ఎంత పని ముందే తెచ్చి పెట్టుకోవాలో చెప్పే సెట్టింగ్ అది. మామూలుగా అది 0.1 రోజు, దానిపైన అదనంగా మరో 0.5 రోజు ఉంటుంది. నెట్ పోతే ప్రాసెసర్ పస్తుంటుందేమోనని నేను దాన్ని ఐదు రోజులు చేశాను. తెల్లారి చూస్తే 470కి పైగా టాస్కులు, అంటే చేయాల్సిన పని ముక్కలు, వచ్చి పడ్డాయి. ఆనందం పట్టలేక మా ఆవిడకు చూపించాను. "ఇవన్నీ ఎప్పటికి అవుతాయి?" అంది. ఐదు రోజులన్నాను.

కొత్తగా చేరిన ప్రాజెక్టు దగ్గర మీ మెషీన్ వేగం గురించి సరైన అంచనా ఉండదు. కొన్ని టాస్కులు పూర్తయ్యాక గానీ లెక్క దారికి రాదు. అప్పటికే మీరు ఐదు రోజుల సరుకు దించేసుకుని ఉంటారు. రెండు గంటలని చూపించినవి నా దగ్గర ఐదారు గంటలు తీసుకున్నాయి. ప్రాసెసర్‌లోని ఎనిమిది కోర్లూ ఒకేసారి తిరుగుతుంటే ఫ్యాన్ చప్పుడుకు ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు, కాబట్టి రాత్రుళ్లు ఆపేయాల్సి వచ్చింది. ఐదు రోజుల పని కాస్తా ఇరవై ఐదు రోజులు దాటే పనైంది. రోజెట్టా టాస్కులకు ఇచ్చిన గడువు మూడు రోజులు.

గడువు దాటేలా ఉందని అనుమానం రాగానే బోయింక్ ఏ ప్రాజెక్టుకు ఎంత సమయమని మీరు పెట్టిన వాటాలన్నీ పక్కనపెట్టి, ఎవరి గడువు ముందుంటే వాళ్లది ముందు నడుపుతుంది. అది తెలివైన పనే. నేనే ఊరుకోలేదు. గంటకోసారి వెళ్లి ఒకదాన్ని ఆపడం, ఇంకోదాన్ని కదపడం, ఐన్‌స్టైన్ వాటా వంద నుంచి ఐదు వందలు చేయడం, అరగంటలో ఫలితం కనబడలేదని వెయ్యి చేయడం. పైగా ఆగిన టాస్కుల్ని మెమరీలోనే ఉంచమనే గడిలో టిక్ లేదు. ఆపిన ప్రతిసారీ ఆ టాస్కు మెమరీలోంచి పోయి, మళ్లీ మొదలైనప్పుడు చివరిసారి సేవ్ అయిన చోటు నుంచి లేస్తోంది. ఒకటి నా కళ్లముందే 34 శాతం నుంచి 27కి దిగింది. మౌస్ కదిలితే పని ఆపమనే సెట్టింగ్ కూడా పెట్టి ఉంది. అంటే అది ఎందుకు దిగుతోందో చూద్దామని నేను మౌస్ ముట్టుకున్న ప్రతిసారీ మరికొన్ని దిగేవి! ఇది అర్థం కావడానికి నాకు రెండు రోజులు పట్టింది.

క్లైమేట్ టాస్కుల కథ వేరు. అప్పట్లో వాటికి గడువు నెలల తరబడి ఉండేది కాబట్టి ఎప్పుడూ వెనక్కి జరుగుతూనే ఉండేవి. నా దగ్గర ఒకటి అలా కూర్చుని కూర్చుని, చివరికి నేను మెషీన్‌ను గబుక్కున ఆఫ్ చేసినప్పుడు ఎర్రర్ అయి పోయింది.

ఇంతవరకూ అయితే నవ్వుకుని వదిలేసేవాణ్ణి. ఐన్‌స్టైన్ ఖాతా పేజీలో గడువు దాటిన టాస్కులు కొన్ని కనిపించాయి. ఒకదాని మీద నొక్కాను. అక్కడ చాలా టాస్కుల్ని ఇద్దరు వేర్వేరు వాలంటీర్లకు పంపుతారు. రెండు జవాబులూ కలిస్తేనే దాన్ని నమ్ముతారు, అప్పుడే ఇద్దరికీ క్రెడిట్, అంటే చేసిన పనికి పాయింట్లు, పడుతుంది. నా జోడీ ఎవరో నాకు తెలియదు, ఒక నంబరు మాత్రమే. ఆ కంప్యూటర్ పని అందుకున్న మర్నాడే ముగించి పంపేసింది. తర్వాత పద్నాలుగు రోజుల గడువు అయ్యేదాకా నా కోసం ఎదురుచూస్తూ ఉండిపోయింది. నేను పంపకపోయేసరికి సర్వర్ అదే పనిని మూడో మనిషికి ఇచ్చింది, మళ్లీ ఇంకో పద్నాలుగు రోజుల గడువుతో. అలాంటివి నా పేరు మీద ముప్పై ఆరు ఉన్నాయి. సేవ చేస్తున్నానని నేను మురిసిపోతున్నంతసేపూ ముప్పై ఆరు మంది పనికి అడ్డంగా కూర్చున్నాను.

ఈ జోడీ వ్యవహారం చిన్నదేం కాదు. 2010లో ఐన్‌స్టైన్ ఎట్ హోమ్ అరెసిబో డేటాలో కొత్త పల్సార్‌ను, అంటే వేగంగా తిరుగుతూ రేడియో సంకేతాలు పంపే నక్షత్రాన్ని, పట్టుకుంది. ఆ ఘనతను అయోవాలోని ఒక దంపతుల కంప్యూటర్‌కూ, జర్మనీలోని ఇంకో కంప్యూటర్‌కూ కలిపి ఇచ్చారు. రెండోది నాలాంటివాడి చేతిలో ఉండి ఉంటే ఏమయ్యేదా అని ఇప్పటికీ అనిపిస్తుంది.

అందుకే ఎన్ని ప్రాజెక్టులు నడుపుతున్నారన్నది లెక్కలోకి రాదంటాను. తీసుకున్నది గడువులోపు తిరిగి పంపుతున్నారా లేదా, అదొక్కటే చూస్తాను. దీనికి ఒప్పుకోనివాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది క్రెడిట్ల పిచ్చివాళ్లని నా అనుమానం. ఈ క్రెడిట్ల గురించి ఒక మాట. సెకనుకు వంద కోట్ల లెక్కలు చేసే మెషీన్ రోజంతా పనిచేస్తే 200 క్రెడిట్లన్నది అసలు సూత్రం. ఆచరణలో ఒక్కో ప్రాజెక్టు ఒక్కో చేత్తో పంచుతుంది. అదే కంప్యూటర్, అదే గంట, ఒకచోట చిటికెడు, ఇంకోచోట దోసెడు. ఆ అంకెలు చూసి ప్రాజెక్టు ఎంచుకునేవాళ్లకు సైన్స్ మీద ఆసక్తి ఉందని నేను నమ్మను.

సరే, మీ ప్రశ్నకు వస్తాను. ప్రాణం పెట్టే ప్రాజెక్టు ఒకటి ఎంచుకుని దాని వాటా వందే ఉంచండి. రెండోదాని వాటా సున్నా చేయండి. సున్నా అంటే ఆపేయడం కాదు, మొదటిదాని దగ్గర పని లేనప్పుడు మాత్రమే బోయింక్ దాన్ని పని అడుగుతుంది. పని దొరకని రోజుల కోసమే కదా అందరూ పది ప్రాజెక్టుల్లో చేరేది, దానికి ఇది ఒక్కటీ సరిపోతుంది. రెండింటికీ వాటాలు ఇస్తే మాత్రం ఆ నిష్పత్తి రేపటికల్లా కనబడాలని చూడకండి. అది వారాల లెక్క. గంటగంటకూ మార్చితే ఎప్పటికీ కుదురుకోదు. బఫర్ జోలికి పోవద్దు. మెమరీలో ఉంచమనే టిక్ తప్పకుండా పెట్టండి. ఎల్‌హెచ్‌సీలో వర్చువల్ బాక్స్ (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ నడిపే సాఫ్ట్‌వేర్) అడిగే పనులు మెమరీని గిగాబైట్ల లెక్కన మింగుతాయి, 16 జీబీ కంటే తక్కువుంటే అటు చూడకండి. అన్ని రంగాలకూ కొంచెం కొంచెం ఇవ్వాలన్న కోరిక తీరకపోతే సైన్స్ యునైటెడ్‌లో చేరండి. మీకు ఆసక్తి ఉన్న రంగాలు చెబితే ప్రాజెక్టులు అదే చూసుకుంటుంది. నాకు మాత్రం నా మెషీన్ ఏం చేస్తోందో నేనే చెప్పాలి, కాబట్టి నచ్చలేదు.

ఇప్పటికే పది ప్రాజెక్టుల్లో చేరిపోయి ఉంటే గబుక్కున తీసేయకండి. అక్కర్లేని ప్రతిదానికీ కొత్త పని వద్దనే బటన్ నొక్కి, ఉన్నవి అయ్యాక తొలగించండి. గడువులోపు కావని తేలినవాటిని దాచుకోకుండా వెంటనే అబార్ట్, అంటే రద్దు, చేయండి. మీరు రద్దు చేస్తే సర్వర్ గడువు దాకా ఆగకుండా ఆ పనిని ఇంకొకరికి ఇవ్వగలుగుతుంది, మీ జోడీ ఎదురుచూపు తగ్గుతుంది. నేను ఆ రోజు కూర్చుని దాదాపు రెండు వందలు రద్దు చేశాను. "ఐదు రోజులన్నావుగా?" అని మా ఆవిడ మళ్లీ అడిగింది.

ఇప్పుడు నా దగ్గర ఐన్‌స్టైన్ నడుస్తోంది, వెనకాల సున్నా వాటాతో ప్రైమ్‌గ్రిడ్. ఎనిమిది కోర్లలో ఆరే ఇచ్చాను, ఫ్యాన్ గొడవ పోయింది. జాబితాలో మొత్తం తొమ్మిది టాస్కులున్నాయి, చూడ్డానికి స్క్రోల్ చేయక్కర్లేదు.