‘కుప్ప గిడ్డంగి’ అంటే ఏమిటి?

సందేహం: మాది చెన్నైలోని పెరంబూరు. చెత్త పూడ్చే చోట లారీలనుంచి రుసుము తీసుకొని, అందులో కొంత రీసైక్లింగ్ గురించి జనానికి నేర్పే సంఘాలకు గ్రాంటుగా ఇవ్వాలని కోరుతూ కరపత్రం వేశాం. ‘కుప్ప గిడ్డంగి పన్నులోంచి పునర్వినియోగ విద్యకు విరాళాలు’ అని శీర్షిక పెట్టాం. నెల్లూరు నుంచి వచ్చిన మా బాబాయికి అది అర్థం కాలేదు. తప్పెక్కడుంది?

సమాధానం: మీ బాబాయిగారి తప్పేమీ లేదమ్మా. ‘కుప్ప గిడ్డంగి’ అనగానే నెల్లూరివారికి గుర్తొచ్చేది వరికుప్ప, ధాన్యం నిలవచేసే గిడ్డంగి. తెలుగులో కుప్ప అంటే పోగు. వరికుప్ప, ఇసుక కుప్ప, బట్టల కుప్ప అంటూ పోగైనదేమిటో పక్కన చెప్పాలి. తమిళ ‘కుప్పై’కీ పోగు అన్న అర్థం ఉంది కానీ, వాడుకలో అది చెత్తగా స్థిరపడింది. కొడుంగైయూరు, పెరుంగుడి డంపింగ్ యార్డులను తమిళ పత్రికలు ‘కుప్పై కిడంగు’ అంటాయి. మీరు దాన్నే తెలుగు లిపిలోకి దించారు. మన గిడ్డంగి మళ్ళీ తీసి వాడుకునే సరుకును దాచే చోటు.

చెన్నై తెలుగు ఇళ్ళలో ‘కుప్పతొట్టి’ అనడాన్ని మాత్రం నేను తప్పు పట్టను. తరతరాలుగా తమిళం పక్కన బతికిన తెలుగు అది. పిల్లలు అలా అంటే దిద్దకండి. కరపత్రం సంగతి వేరు. నిన్నగాక మొన్న శ్రీకాకుళం నుంచి పనికి వచ్చినవారికీ అది తెలియాలి కాబట్టి ‘చెత్త’ అనే రాయండి.

కొడుంగైయూరులో ఉన్నది ఏళ్ళ తరబడి పోసిన చెత్తదిబ్బ. ల్యాండ్‌ఫిల్, అంటే చెత్త పూడ్చే చోటు, అలాంటిది కాదు. మురుగు ఊట నేలలోకి దిగకుండా అడుగున పొర పరిచి, చెత్త పోసి, మట్టి కప్పుతూ పోతారు. మళ్ళీ వాడలేనివి, రీసైక్లింగుకు రానివి, కుళ్ళనివి, మండనివి మాత్రమే అక్కడికి చేరాలని 2016 నాటి ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలు చెప్పాయి. ‘చెత్త పూడ్చే స్థలం’ అంటే చాలు. పూడ్చడమన్న మాటలో గుంతా మట్టీ రెండూ ఉన్నాయి.

పన్ను అంటే ఖజానాకు పోయేది. కట్టినవారు దానికి బదులుగా ఫలానా పని చేయమని అడగలేరు. రుసుము ఒక పనికి కట్టేది. బ్రిటన్‌లో పూడ్చే చెత్తపై 1996 అక్టోబరులో మొదలైనది పన్నే, చట్టమే దానికి ఆ పేరు పెట్టింది. అక్కడ పూడ్చే స్థలాల నిర్వాహకులు స్థానిక పర్యావరణ పనులకు సొమ్ము ఇస్తే, అందులో ఎక్కువ భాగం ఆ పన్నులోంచి మినహాయిస్తారు. అమెరికాలో కొన్ని చోట్ల లారీ తూకాన్ని బట్టి రుసుము తీసుకొని, అందులోంచి రీసైక్లింగ్ బోధనకు గ్రాంట్లు ఇస్తారు. మీరు కోరేది దీనికే దగ్గర. మన 2016 నియమాలలోని ‘టిప్పింగ్ ఫీజు’ స్థానిక సంస్థే ఆ చోటును నడిపే నిర్వాహకుడికి చెల్లించేది, చెత్త తెచ్చినవారు కట్టేది కాదు. ఆ రెంటినీ కలిపేస్తే మీరు ఎవరిని డబ్బు అడుగుతున్నారో తారుమారవుతుంది.

విరాళం ఇచ్చేవారి ఇష్టం. గ్రాంటుకు షరతులుంటాయి, ఖర్చుకు లెక్క చెప్పాలి. బడుల పుణ్యమా అని ఆ మాట ఎప్పుడో తెలుగైపోయింది, అలాగే ఉంచండి.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టింది ‘పునర్వినియోగం’. పత్రికలూ ఇదే పొరపాటు చేస్తున్నాయి. హార్లిక్స్ సీసాలో ఆవాలు పోసుకోవడం, పాత చీరలతో బొంత కుట్టడం పునర్వినియోగం. ఆ సీసా పగిలి, కొలిమిలో కరిగి, కొత్త సీసాగా రావడం రీసైక్లింగ్. మొదటిది మన అమ్మమ్మలకు ఎవరూ నేర్పనక్కరలేదు. పాల కవరు కడిగి, ఆరబెట్టి, విడిగా ఇవ్వాలన్నది నేర్పవలసిన సంగతి, గ్రాంటు అడుగుతున్నదీ అందుకే. ‘పునశ్చక్రీకరణ’ కన్నా ‘రీసైక్లింగ్’ అనడమే మేలు.

శీర్షిక ఇలా మార్చండి: ‘చెత్త పూడ్చే స్థలం రుసుములోంచి రీసైక్లింగ్ నేర్పే సంఘాలకు గ్రాంట్లు’.

లోపలి పేజీలో ‘తడి చెత్త, పొడి చెత్త’ అని రాసి ఉంటే పక్కన ఒక వాక్యం చేర్చండి. తడి చెత్తకు తమిళంలో వాడే ‘మక్కుం కుప్పై’ అంటే కుళ్ళి మట్టిలో కలిసే చెత్త. ఎండుటాకు పొడిగా ఉన్నా తడి చెత్త బుట్టలోకే పోవాలి.