లండన్ పాత ట్యూబ్ రైళ్లు దీవిలో ఎక్కాలంటే: మేం వెళ్లొచ్చిన అనుభవం

మీ ఏడేళ్ల బాబుకి లండన్ భూగర్భంలో నడిచే ట్యూబ్ రైళ్లంటే ప్రాణమని, లండన్‌లో రిటైరైన బళ్లు ఏదో దీవిలో నడుస్తున్నాయని విన్నామని, నిజమేనా, వెళ్లదగ్గదేనా అని అడిగారు. నిజమే. అలాంటి దీవులు రెండున్నాయి, నేను రెండూ చూశాను. మీరు ముందు ఇంగ్లండ్ దక్షిణ తీరం పక్కనున్న ఐల్ ఆఫ్ వైట్ దీవికి వెళ్లండి.

2019 ఎండాకాలంలో మా నాయనను తీసుకెళ్లాను. ఆయన డోర్నకల్ దగ్గర కీమన్‌గా, అంటే రోజూ నడుస్తూ పట్టాలు తనిఖీ చేసే రైల్వే మనిషిగా, చేసి రిటైరయ్యాడు. పోర్ట్స్‌మత్ హార్బర్ స్టేషన్ పక్కనే పడవ ఎక్కితే 22 నిమిషాల్లో దీవిలోని రైడ్ అనే ఊరు. సముద్రంలోకి దాదాపు 680 మీటర్లు పొడుచుకొచ్చిన పియర్ (నీళ్ల మీద కట్టిన వంతెన లాంటిది) చివర దిగుతాం. పక్కనే ప్లాట్‌ఫామ్, దాని మీద ఎర్రటి రెండు పెట్టెల బండి. 1938 రకం ట్యూబ్ రైలు. నేను బండిని ఫొటోలు తీస్తుంటే నాయన వంగి పట్టాలు లెక్కపెడుతున్నాడు. "లండన్ల నాలుగుండె, ఈడ మూడేనేందిరా?" అన్నాడు.

మంచి ప్రశ్న. లండన్ భూగర్భ లైన్లలో చక్రాలు నడిచేవి రెండు, కరెంటు రావడానికొకటి, తిరిగి పోవడానికొకటి. దీవిలో తిరుగు కరెంటు చక్రాల కింది పట్టాల్లోంచే పోతుంది. అందుకే ఇక్కడికి తెచ్చిన ప్రతి బండికీ వైరింగు మార్చాల్సి వచ్చింది.

ఇంత తిప్పలు పడి ట్యూబ్ బళ్లే ఎందుకంటే, రైడ్ ఊరి కింద ఒక సొరంగం ఉంది. సముద్రం పక్కనే కాబట్టి నీళ్లు చేరేవి. ఆ బాధ తగ్గించడానికి లోపల లైను ఎత్తు పెంచారు, దాంతో పైకప్పు దగ్గరైపోయింది. మామూలు పెట్టెలు పట్టవు. 1966 చివర్లో ఆవిరి ఇంజన్లు ఆపేసి, మరుసటి ఏడు కరెంటు రైళ్లు వేసినప్పుడు లండన్‌లో పక్కనపెట్టిన పొట్టి బళ్లే అక్కరకొచ్చాయి. అవి అరిగిపోయాక 1989 నుంచి ఈ 1938 రకం వచ్చాయి. వీటిని మ్యూజియం వస్తువులనుకునేవారు చాలామంది. కాదు, అప్పట్లో ఊళ్లోవాళ్లు కూరగాయల సంచులతో ఎక్కిన రైళ్లు. నాకు నచ్చింది అదే.

ఇప్పుడు వెళ్తే ఆ ఎర్ర బళ్లు నడవవు. 2021 జనవరి 3న ఆపేశారు. అదే ఏడు నవంబరు నుంచి, లండన్ డిస్ట్రిక్ట్ లైనులో తిరిగిన పెట్టెల్ని బాగుచేసి నడుపుతున్నారు. అవీ పాత లండన్ బళ్లే, కానీ గుండ్రటి పైకప్పు ట్యూబ్ ఆకారం కాదు, లోపలంతా కొత్తది. బాబుకి ముందే చెప్పండి, లేకపోతే చిన్నబుచ్చుకుంటాడు.

దానికి మందు స్మాల్‌బ్రూక్ జంక్షన్. ఆ స్టేషనుకి రోడ్డే లేదు, రైలు దిగి రైలెక్కడానికే కట్టారు. అక్కడ ఆవిరి రైలు ఎక్కి హేవెన్‌స్ట్రీట్ మీదుగా వూటన్ దాకా వెళ్లండి. 1891లో చేసిన కాల్‌బోర్న్ అనే ఇంజను ఆ ఆవిరి రైలు నడిపేవాళ్ల దగ్గరే ఉంది. ఆపేసిన ఎర్ర బళ్లలో ఒక జతనూ వాళ్లే తీసుకున్నారు. చూడనిస్తారో లేదో ముందే కనుక్కోండి.

రెండో దీవి ఆల్డర్నీ, ఫ్రాన్స్ తీరానికి దగ్గర్లో ఉంటుంది. దూరం, ఖర్చు ఎక్కువ. చిన్న విమానంలో వెళ్లాను. కానీ దీవిలో గుండ్రటి పాత ట్యూబ్ పెట్టెల్లో కూర్చోవాలంటే అక్కడికే పోవాలి. సముద్రంలో అడ్డుగోడ కట్టడానికి రాయి మోయాలని 1847లో వేసిన లైను, రెండు మైళ్లు. 1980 నుంచి ఔత్సాహికులు జనాన్ని ఎక్కించుకుంటున్నారు. పెట్టెలు 1959 రకం ట్యూబ్‌వి. కరెంటు లేదు, ఎలిజబెత్ అనే డీజిల్ ఇంజను లాగుతుంది. భూమి కింద తిరిగిన కిటికీల్లోంచి సముద్రం చూడటం నాకు పండగలా అనిపించింది. ఎండాకాలంలో కొన్ని రోజులే నడుస్తుంది, తేదీలు చూసుకునే టికెట్లు కొనండి.

మా నాయన మాత్రం ఇప్పటికీ రైడ్ పియర్ గురించే మాట్లాడతాడు. తిరుగు పడవ కోసం నిలబడ్డప్పుడు చెక్కల సందుల్లోంచి కిందికి చూసి, "కంకర లేదు, కట్ట లేదు, కింద నీళ్లే. ఈడ కీమన్ పొద్దున ఎట్ల నడుస్తడో" అన్నాడు. పడవ వచ్చినా అక్కణ్నుంచి కదల్లేదు.