త్రాటకం చేస్తుంటే రంగులు కనిపిస్తున్నాయి, పేరు వినిపిస్తోంది: 'మూడో కన్ను' తెరుచుకుంటోందా డాక్టర్?

ప్రశ్న: నా వయసు 27. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం. నాలుగు నెలల కిందట ఆన్‌లైన్ కోర్సులో చేరి 'మూడో కన్ను' సాధన మొదలుపెట్టాను. రోజూ రాత్రి 11 తర్వాత 40 నిమిషాలు కొవ్వొత్తి త్రాటకం (రెప్ప వేయకుండా జ్వాలనే చూడటం), తర్వాత చీకట్లో అద్దం ముందు 15 నిమిషాలు, ఆపైన వేగంగా భస్త్రిక చేసి ఊపిరి బిగబట్టడం. పొద్దున్నే సూర్యుణ్ణి నేరుగా చూస్తాను. సాధన చేసేటప్పుడు తలుపులు వేసి నిప్పుల మీద సాంబ్రాణి వేసుకుంటాను. మూడు వారాలుగా కళ్లు మండుతున్నాయి, కనుబొమల మధ్య బరువుగా ఉంటోంది. మనుషుల చుట్టూ రంగు వెలుగు కనిపిస్తోంది. నిద్ర పట్టబోతుంటే ఎవరో నా పేరు పెట్టి పిలిచినట్టు వినిపిస్తోంది. రాత్రికి నాలుగు గంటలకు మించి నిద్ర లేదు. ఇవన్నీ ద్వారం తెరుచుకుంటున్న గుర్తులని, ఎవరికీ చెప్పొద్దని గురువుగారు అంటున్నారు. మా మేనమామ చాలా ఏళ్లు మానసిక వ్యాధికి మందులు వాడారు. నేను కొనసాగించవచ్చా?
– ఓ పాఠకుడు

జవాబు: రెండు వారాలు అన్నీ ఆపండి. సూర్యుణ్ణి చూడటం మాత్రం ఇక ఎప్పటికీ వద్దు. మీకు కనిపించినవీ వినిపించినవీ కల్పన అని నేను అనడం లేదు. అవి మీకు నిజంగానే అనుభవంలోకి వచ్చాయి. అయితే ఒక్కోదానికీ కంట్లోనో, ఊపిరిలోనో, నిద్రలోనో కారణం ఉంది. నాకు కంగారు పుట్టించింది ఆ రంగులు కాదు. ఒళ్లు చెప్పే ప్రతి బాధనూ పురోగతి ఖాతాలో వేయడం. మంట వస్తే ఇంకాసేపు చూడు, నిద్ర పట్టకపోతే శక్తి మేల్కొంది అంటూ పోతే, ఆగాల్సిన చోట ఆగే వీలే లేకుండా పోతుంది.

ముందు సూర్యుడి సంగతి. కంటి వెనక వెలుతురును పట్టే పొర రెటీనాలో నొప్పి తెలిపే నరాలు లేవు. అందుకే అది దెబ్బతింటున్నా చూస్తున్నంతసేపూ ఏమీ తెలియదు. కొన్ని గంటల తర్వాతో, మర్నాడో చూపు మధ్యలో మచ్చ, మసక మొదలవుతాయి. ఇది వేడికి కాలడం మాత్రమే కాదు, వెలుతురు కణాల్లో జరిపే రసాయనిక హాని కూడా. అందుకే 'ఉదయపు ఎండ చల్లగా ఉంటుంది కదా' అన్న లెక్క ఇక్కడ పనికిరాదు. మచ్చ ఏర్పడితే దాన్ని పోగొట్టే రుజువైన మందు లేదు. కొందరికి నెలల మీద కొంత తగ్గుతుంది, కొందరికి ఉండిపోతుంది. ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకోండి. లెక్కల గళ్ల నోటు పుస్తకంలో ఒక పేజీ తీసి మధ్యలో చుక్క పెట్టండి. మామూలుగా వాడే కళ్లజోడు పెట్టుకుని, అడుగు దూరంలో పట్టుకుని, ఒక కన్ను మూసి చుక్కనే చూడండి. తర్వాత రెండో కన్నుతో. గీతలు వంకరగా కనిపించినా, ఎక్కడైనా గళ్లు మాయమైనా రెటీనా డాక్టరుకు చూపించి, రెటీనా పొరలను చూపే ఓసీటీ స్కాన్ చేయించుకోవాలి. తేడా ఏమీ కనిపించకపోయినా మీ విషయంలో ఒకసారి కంటి పరీక్ష అవసరమే.

త్రాటకం తప్పు పని కాదు. హఠయోగంలో చెప్పిన ఆరు శుద్ధి క్రియల్లో అదొకటి. మీరు తప్పింది మోతాదులో. మామూలుగా నిమిషానికి 15, 20 సార్లు రెప్ప వేస్తాం. రెప్ప వేయడం ఆపితే చాలామందిలో పది, పదిహేను సెకన్లకే కంటి మీది కన్నీటి పొర తెగుతుంది. ఆ చోట కంటిపొర ఆరిపోతుంది. మంట అదే. కంప్యూటరు ముందు పగలంతా ఎలాగూ రెప్పలు తక్కువ పడతాయి. దాని మీద రాత్రి 40 నిమిషాలంటే ఎండిన కంటిని ఇంకా ఎండబెట్టడం. కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్ 0.5 శాతం చుక్కలు రోజుకు మూడు, నాలుగు సార్లు రెండు వారాలు వేసుకోండి. మందుల షాపులో అడిగితే ఇచ్చే 'ఎర్రదనం పోయే' చుక్కలు, స్టెరాయిడ్ చుక్కలు వద్దు. కనుబొమల మధ్య బరువుకు చాలాసార్లు కారణం నుదురు ముడిచి, చూపు దగ్గరికి లాగి గంటల తరబడి పట్టి ఉంచడమే. కళ్లజోడు పవర్ సరిపోకపోయినా ఇలాగే ఉంటుంది. మూడో కన్ను అని చెప్పే పీనియల్ గ్రంథి ఉండేది నుదుటి వెనక కాదు, మెదడు నడిమధ్యన. బియ్యపు గింజంత ఉంటుంది. రాత్రి చీకటిపడ్డాక మెలటోనిన్ విడుదల చేయడం దాని పని. అర్ధరాత్రి దాకా వెలుగును చూస్తూ కూర్చుంటే ఆ పని మందగిస్తుంది.

మనుషుల చుట్టూ వెలుగు గురించి. ఒకే చోట చూపు నిలిపితే ఆ రంగును పట్టే కణాలు అలసిపోతాయి. చూపు కాస్త కదలగానే వ్యతిరేక రంగు అంచుల్లో మెరుస్తుంది. పరీక్షించుకోవచ్చు. తెల్ల గోడ ముందు మిత్రుణ్ణి ఎర్ర చొక్కాతో నిలబెట్టి అర నిమిషం చూడండి. నీలి ఆకుపచ్చ అంచు కనిపిస్తుంది. చూపు పక్కకు తిప్పితే ఆ వెలుగు మిత్రుణ్ణి వదిలి మీ చూపుతో పాటు గోడ మీదికి వస్తుంది. చొక్కా మారిస్తే వెలుగు రంగూ మారుతుంది. అది మనిషి స్వభావానిదే అయితే చొక్కాతో ఎందుకు మారాలి?

మనుషుల చుట్టూ కాకుండా బల్బుల చుట్టూ, వీధిదీపాల చుట్టూ ఇంద్రధనుస్సు వలయాలు కనిపిస్తే మాత్రం అది వేరే సంగతి. దాంతో పాటు కన్ను ఎర్రబడి నొప్పి, తలనొప్పి, వాంతి ఉంటే అక్యూట్ గ్లకోమా, అంటే కంట్లో ఒత్తిడి ఒక్కసారిగా పెరిగిపోవడం కావచ్చు. తెల్లవారే దాకా ఆగకూడదు. ఉన్నట్టుండి మెరుపులు, నల్ల చుక్కల వాన, చూపుకు పక్క నుంచి తెర దిగినట్టు ఉన్నా అంతే. రెటీనా ఊడుతోందేమో అదే రోజు చూపించుకోవాలి. అన్నట్టు, వెలుగులు కనిపించాలని మూసిన కనుగుడ్లను వేళ్లతో నొక్కేవాళ్లు ఉన్నారు. ఆ వెలుగులు నొక్కుడువే. అలా నొక్కితే గుండె వేగం ఒక్కసారిగా పడిపోవచ్చు, కంటిపొర పలచబడవచ్చు.

అద్దం గురించి పొడవుగా చెప్పక్కర్లేదు. మసక వెలుతురులో కదలకుండా చూస్తే అంచుల్లో ఉన్నవి చెరిగిపోతాయని స్విట్జర్లాండ్ వైద్యుడు ట్రాక్స్‌లర్ 1804లోనే రాశారు. ఇటలీలో కపూతో అనే పరిశోధకుడు 2010లో ప్రచురించిన ప్రయోగంలో 50 మందిని మసక గదిలో పది నిమిషాలు అద్దం చూడమంటే, మూడింట రెండొంతుల మందికి తమ ముఖమే వికృతంగా మారి కనిపించింది. వాళ్లెవరూ సాధకులు కారు. కంటిచూపు విసుగెత్తితే ఖాళీలను మెదడు నింపుతుంది. నిద్రలేని మనిషికి ఆ నింపుడు భయంకరంగా ఉంటుంది కాబట్టి అద్దం సాధన మానేయండి.

భస్త్రిక చేసి వెంటనే ఊపిరి బిగబట్టడం, మీరు చేసే వాటిలో స్పృహ తప్పించగలిగేది. వేగంగా శ్వాసిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. మెదడు రక్తనాళాలు ముడుచుకుంటాయి. తల తేలిపోవడం, వేళ్లు తిమ్మిరెక్కి కొక్కెంలా బిగుసుకోవడం అందుకే. 'ఊపిరి కావాలి' అని ఒంటికి చెప్పేది కూడా ఎక్కువగా ఆ వాయువే. అది తగ్గిపోయాక బిగబడితే, ఊపిరి కావాలన్న తపన రాకముందే ఆక్సిజన్ అడుగంటుతుంది. కుర్చీలో ఉంటే వాలిపోతారు. స్నానపు తొట్టిలో, ఈత కొలనులో, బైక్ మీద అయితే ప్రాణమే పోతుంది. తిమ్మిరి మొదలైతే కూర్చుని, ముక్కుతో నెమ్మదిగా శ్వాసించండి. మొహానికి కవరు పెట్టుకుని అందులో ఊపిరి పీల్చొద్దు. బీపీ, గుండెజబ్బు, గ్లకోమా, హెర్నియా, మూర్ఛ ఉన్నవాళ్లు, గర్భిణులు ఈ రెండింటి జోలికే పోకూడదు.

మీరు ఒక్క వాక్యంలో రాసిన సాంబ్రాణి నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసింది. తలుపులు మూసిన గదిలో బొగ్గు నిప్పులు ఉంటే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి వాసన లేదు. తలబరువు, వికారం, గుండెదడ, ఎవరో పక్కన ఉన్నారన్న భావన, అడుగుల చప్పుడు కూడా రావచ్చు. 1921లో అమెరికా నేత్ర వైద్య పత్రిక ఒకటి, దయ్యాలు తిరుగుతున్నాయనుకున్న ఒక ఇంట్లో అసలు దోషం ఇంటిని వెచ్చబెట్టే, పాడైన పొయ్యి పొగదని ప్రచురించింది. వేలికి పెట్టే ఆక్సీమీటరు దీన్ని పట్టదు, అంకె బాగానే చూపిస్తుంది. రక్త పరీక్షలోనే బయటపడుతుంది. నిప్పుల సాంబ్రాణి తలుపులు, కిటికీలు తెరిచే వేయండి. గదిలో ఉంటే తలనొప్పి, బయటికొస్తే గంటలో తగ్గడం గమనిస్తే దాన్నే అనుమానించండి.

ఇక పేరు వినిపించడం. నిద్రలోకి జారేటప్పుడు, మేలుకునేటప్పుడు పేరు వినిపించడం, ఫోన్ మోగినట్టు ఉండటం, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు కదల్లేకపోవడం ఆరోగ్యవంతుల్లో కూడా తరచూ జరిగేవే. మెదడులో ఒక భాగం కల మొదలుపెట్టగా, మరో భాగం ఇంకా మేలుకునే ఉంటుంది. నిద్ర తక్కువైతే ఇవి పెరుగుతాయి. మీరు నాలుగు గంటలే పడుకుంటున్నారు. కాబట్టి ఈ ఒక్కదానివల్ల జబ్బు అని నేను అనను.

కానీ మీ మేనమామ సంగతి పక్కన పెట్టలేను. లేని గొంతులు వినిపించే, లేనిపోని నమ్మకాలు కలిగించే మానసిక వ్యాధి స్కిజోఫ్రీనియా సాధారణ జనాభాలో నూటికి ఒకరికి వస్తుంది. తల్లిదండ్రుల్లోనో తోబుట్టువుల్లోనో ఉంటే సుమారు పదిమందిలో ఒకరికి. మేనమామకు ఉంటే ముప్పు దానికన్నా తక్కువే అయినా జనాభా సగటు కంటే ఎక్కువ. ఆయనకు ఏ జబ్బో అమ్మనడిగి తెలుసుకోండి. ఇరవైల వయసు మగవాళ్లలో ఇవి బయటపడే వయసు కూడా. ఇలాంటి కుటుంబ చరిత్ర ఉన్నవాళ్లు నిద్ర చెరుపుకునే, ఉపవాసంతో కలిపి చేసే, గంటల తరబడి ఒంటరిగా కూర్చునే సాధనలకు దూరంగా ఉండాలి. పట్టపగలు, పూర్తిగా మెలకువలో గొంతు వినిపించడం, ఇద్దరు మీ గురించి మాట్లాడుకుంటున్నట్టు ఉండటం, ఏదో చేయమని ఆజ్ఞ రావడం, మీ ఆలోచనలు ఇతరులకు తెలిసిపోతున్నాయనో, టీవీలో మీకే సందేశం వస్తోందనో నమ్మకం కలగడం, రెండు మూడు గంటలే పడుకున్నా అలసట లేక ఉత్సాహం, డబ్బు ఎడాపెడా ఖర్చు. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రెండు వారాలు ఆగొద్దు, వెంటనే సైకియాట్రిస్టును కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉచితం, తెలుగులో మాట్లాడతారు. చనిపోవాలనో, ఎవరినైనా గాయపరచాలనో అనిపిస్తే ఒంటరిగా ఉండొద్దు, దగ్గర్లోని ఆసుపత్రి అత్యవసర విభాగానికి ఎవరినైనా తోడు తీసుకుని వెళ్లండి.

ఇదే దారిలో ఉన్న ఇతర పాఠకులకు రెండు మాటలు. బైపోలార్‌కు (ఉత్సాహం, కుంగుబాటు మారి మారి వచ్చే జబ్బు) లిథియం అనే మందు వాడుతూ ఉపవాసాలు, ఉప్పు మానడం, నీళ్లు తగ్గించడం చేస్తే రక్తంలో మందు విషస్థాయికి చేరుతుంది. చేతులు వణకడం, తూలడం, విరేచనాలు దానికి గుర్తులు. రెండోది, 'దర్శనం కోసం' అంటూ ఎవరైనా పొడి ఇస్తే తాగొద్దు. ఉమ్మెత్త కలిస్తే నోరెండి, కంటిపాప విచ్చుకుని, ఒళ్లు కాలిపోతూ, లేనివాళ్లతో మాట్లాడే మత్తు వస్తుంది. అది ఆసుపత్రికి పరుగెత్తాల్సిన విషం.

రెండు వారాలు ఏడు గంటల చొప్పున పడుకున్నాక, కంటి డాక్టరు సరేనన్నాక త్రాటకం మళ్లీ మొదలుపెట్టాలనుకుంటే ఇలా చేయండి. సాయంత్రమో, ఉదయమో. రాత్రి 8 దాటాక వద్దు. జ్వాల కన్నా తెల్ల కాగితం మీద కందిగింజంత నల్ల చుక్క మేలు. జ్వాలే కావాలంటే రెండు, మూడు అడుగుల దూరంలో, కంటి ఎత్తులో, స్టీలు పళ్లెంలో పెట్టండి. ఫ్యాను గాలి తగలనివ్వొద్దు, చున్నీలు, కర్టెన్లు దగ్గర ఉంచొద్దు. కాంటాక్ట్ లెన్సులు తీసేయండి, కళ్లజోడు ఉంచుకోండి. ఒక నిమిషం చూపు, ఒక నిమిషం కళ్లు మూత, ఇలా మూడు విడతలు. రెప్ప పడాలనిపిస్తే పడనివ్వండి, కన్నీళ్లు పిండాలని చూడొద్దు. వారానికి అర నిమిషం చొప్పున పెంచినా, విడతకు మూడు నిమిషాలు, రోజు మొత్తం పది నిమిషాలు దాటొద్దు. లేచిన వెంటనే బండి నడపొద్దు. ఏమైనా తిని, పావుగంట అటూ ఇటూ నడిచాకే. గ్లకోమా, రెటీనా ఆపరేషన్, బాగా ఎక్కువ మైనస్ పవర్, తరచూ మైగ్రేన్, మూర్ఛ ఉన్నవాళ్లకు ఇది కూడా వద్దు.

మనసుతో మనసు మాట్లాడటం, ముందే తెలిసిపోవడం లాంటివి వస్తున్నాయనిపిస్తే కాగితం మీద పెట్టండి. జరగకముందే తేదీ, వేళ వేసి రాయండి, తప్పినవీ లెక్కించండి. ఇలాంటి శక్తిని పరీక్షించే 25 కార్డుల పెట్టెలో ఐదు గుర్తులు, ఒక్కోటి ఐదు కార్డుల మీద ఉంటాయి; ఏ కార్డు మీద ఏ గుర్తో చూడకుండా ఊరికే ఊహించినా సగటున 5 కలుస్తాయి. పదిమందిలో ఒకరికి అదృష్టం వల్లే 8, ఆపైన కలుస్తాయి. ఒక రోజు 8 వచ్చిందని పెట్టుబడి, ఉద్యోగం, మందులు మానడం వంటి నిర్ణయాలు తీసుకోవద్దు. పిల్లలకు కళ్లకు గంతలు కట్టి చదివించే 'మిడ్‌బ్రెయిన్' క్లాసులకు డబ్బు కట్టే తల్లిదండ్రులు కూడా ఒకసారి గంతకూ ముక్కుకూ మధ్య సందును కాగితం ఉండతో మూసి, పుస్తకాన్ని తల ఎత్తులో పట్టి చదివించి చూడండి. మిడ్‌బ్రెయిన్ అనే మెదడు భాగం అసలు పని కనుగుడ్ల కదలిక, కంటిపాప చిన్నదవడం వంటివి.

'ఎవరికీ చెప్పొద్దు' అన్న మాట దగ్గర ఒక్కసారి ఆగండి. నిద్ర చెడిందని, భయమేస్తోందని చెప్పినా సాధన ఆపమని చెప్పని గురువు, మందులు ఆపమనే గురువు, ఇంకో కోర్సు కొనమనే గురువు, ముగ్గురినీ వదిలేయాలి. మీ విషయంలో అమ్మకో, గదిలో ఉండే మిత్రుడికో ఈ రోజే చెప్పండి. రెండు వారాలు పడుకున్న వేళ, లేచిన వేళ, పేరు వినిపించిన సందర్భాలు ఒక చిన్న పుస్తకంలో రాసిపెట్టండి. సరిగ్గా పడుకున్న రాత్రుల్లోనూ పిలుపు తగ్గకపోతే, ఆ పుస్తకం తీసుకుని సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లండి. మేనమామ వాడిన మందుల చీటీ దొరికితే అదీ తీసుకెళ్లండి.